మౌస్ కోసం మూడు మెయిళ్లు, బీమా గురించి ఒక్కటీ లేదు

కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో పనిచేసేవారందరికీ నమస్కారం.

తిరుపతి ఎం.ఆర్.పల్లి నుంచి రాస్తున్నాను. శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల్లో కానీ, బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లో కానీ మా తిరుపతి, చిత్తూరు జిల్లాల పిల్లలు చేరేటప్పుడు ఆఫర్ లెటర్ ఇచ్చేదీ మీరే, వెళ్లేటప్పుడు రిలీవింగ్ లెటర్ ఇచ్చేదీ మీరే. ఆ రెండో కాగితం గురించే నా గోడు. ఆరోగ్య బీమా ఏ రోజు ఆగుతుందో చెప్పే ఒక్క లైను అందులో లేనందుకు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను. విసుక్కోకుండా చదవండి. మీలో చాలామంది మా వైపు వాళ్లే కాబట్టి తెలుగులోనే రాస్తున్నా.

నాది బెంగళూరు కంపెనీ. కోవిడ్ అప్పుడు ఇంటికొచ్చినవాణ్ణి, అలాగే ఇంటి నుంచే పనిచేస్తూ ఉండిపోయాను. పోయినేడు ఒక శుక్రవారం మధ్యాహ్నం, అన్నం తిని కూర్చోగానే వీడియో కాల్ వచ్చింది. మా మేనేజరూ, మీలాంటి ఒక హెచ్‌ఆర్ అమ్మాయీ ఉన్నారు. పద్నాలుగు నిమిషాల్లో నా ఉద్యోగం అయిపోయింది. పీఎఫ్ సంగతి చెప్పారు, గ్రాట్యుటీ లెక్క చెప్పారు, మిగిలిన సెలవుల డబ్బు ఎప్పుడు పడుతుందో చెప్పారు, ల్యాప్‌టాప్ ఏ కొరియర్లో పంపాలో చెప్పారు. ముందున్న కాగితం చదువుతూ ఆ అమ్మాయి రెండు మూడు చోట్ల తడబడింది. ఆ రోజు నాది ఎన్నో కాలో పాపం. ఆమె మీద నాకు కోపం లేదు.

సాయంత్రం ఆరింటికి నా ఆఫీసు మెయిల్ మూసేశారు. తర్వాత సొంత మెయిల్‌కి ఒక ఫారం వచ్చింది. వెనక్కి ఇవ్వాల్సిన సామాన్ల పట్టీ అది. ల్యాప్‌టాప్, ఛార్జర్, బ్యాగు, హెడ్‌సెట్, ఐడీ కార్డు, ఐడీ కార్డు తాడు. అవును, తాడు కూడా వేరే లైనులో ఉంది. అన్నీ పెట్టాను కానీ మౌస్ మర్చిపోయాను. దాని కోసం మూడు మెయిళ్లు వచ్చాయి. మూడోది ఎర్రక్షరాల్లో. నాలుగొందలు చెయ్యని మౌస్‌ని బుడగల కవర్లో చుట్టి, లీలామహల్ సర్కిల్ దాకా వెళ్లి కొరియర్ చేసి, రసీదు ఫొటో తీసి పంపాక గానీ వదల్లేదు.

ఆరోగ్య బీమా మాట మాత్రం ఆ కాల్‌లో లేదు, ఆ ఫారంలో లేదు, రిలీవింగ్ లెటర్‌లోనూ లేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది, దాచను. ఏటా పాలసీ రెన్యూవల్ అయినప్పుడు చాంతాడంత పీడీఎఫ్ వచ్చేది. ఒక్క ఏడాదీ తెరిచి చదివిన పాపాన పోలేదు. ఉద్యోగం పోతే బీమా పోతుందని లీలగా తెలుసు. ఆ రోజే, ఆ సాయంత్రమే పోతుందని తెలీదు. నెలాఖరు దాకానో, పాలసీ ఏడాది అయ్యేదాకానో ఉంటుందనుకున్నా. అమ్మ పేరు చేర్చినందుకు నా జీతంలోంచే నెలనెలా 1,450 రూపాయలు కట్ చేస్తూ వచ్చారు కదా, కట్టించుకున్నన్నాళ్లు ఉంటుందనుకోవడం మరీ అంత అమాయకత్వమా?

ఉద్యోగం పోయిన సంగతి అమ్మకి చెప్పలేదు. రోజూ తొమ్మిదిన్నరకి గది తలుపేసుకుని పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. పదకొండింటికి మా ఆవిడ కాఫీ తెచ్చి, "మీటింగ్‌లో ఉన్నారా?" అని అమ్మకి వినపడేట్టు అడిగేది. పంతొమ్మిది రోజులు నడిచింది ఆ నాటకం.

ఇరవయ్యో రోజు తెల్లవారుజామున అమ్మ లేపింది, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందని. ఆమెకి అరవై ఆరేళ్లు, పదకొండేళ్లుగా షుగర్. ఆటోలో వేసుకుని దారిలో ముందు తగిలిన ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. నేరుగా టీటీడీ వాళ్ల స్విమ్స్ ఆసుపత్రికే పోయుండొచ్చు కదా అని మా మేనమామ ఇప్పటికీ సాధిస్తుంటాడు. ఆయన మాటే రైటు కావచ్చు. కానీ నాలుగింటికి, చెమటతో తడిసిపోయిన మనిషిని భుజానికి ఆనించుకుని ఆటోలో కూర్చున్నవాడికి ఏ బోర్డు వెలుగుతుంటే అదే స్విమ్స్.

ఈసీజీ తీశారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, స్టెంట్ వెయ్యాల్సి రావచ్చన్నారు. పొద్దున్నే ఇన్సూరెన్స్ కౌంటర్ తెరవగానే నేను ధీమాగానే వెళ్లాను. అంతకుముందు ఏడు అమ్మ కంటి ఆపరేషన్‌కి వాడిన ఈ-కార్డు స్క్రీన్‌షాట్ ఫోన్లో ఉంది. అద్దం వెనక కుర్రాడు నంబరు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఫోన్ తీసుకుని కొంచెం పెద్దది చేసుకుని చూసి మూడోసారి కొట్టాడు.

"యాక్టివ్‌లో లేదు సార్. డిలీట్ అయింది. ఎంప్లాయీ ఎగ్జిట్ అని చూపిస్తా ఉంది."

క్యాష్‌లెస్, అంటే ఆసుపత్రి బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టడం, అడిగితే గంటలోపల జవాబు చెప్పాలని 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూలు పెట్టింది. నాకు నిమిషంలోనే చెప్పేశారు.

వెనక్కి తిరిగితే అమ్మ. చక్రాల కుర్చీలో, లోపలికి తీసుకుపోతూ అక్కడ ఆపారు. తీసేసిన గాజులు చేతిరుమాల్లో మూటకట్టి ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఏమంటున్నాడు?"

"సర్వర్ స్లోగా ఉందంటమ్మా."

ఆమె ఆ మూట నా చేతిలో పెట్టింది. "ఉద్యోగం పోయి ఎన్ని దినాలైంది నాయనా?"

రెండు స్టెంట్లు, నాలుగు రోజులు, 2 లక్షల 14 వేలు. మామయ్య కార్డు మీద యాభై వేలు గీకి అడ్వాన్సు కట్టాం. మిగతాదానికి బ్యాంకు తెరిచాక మా ఆవిడ హారం పెట్టాం. గాజులు మాత్రం పెట్టనివ్వలేదు నేను. అమ్మ బాగానే ఉంది ఇప్పుడు.

ఇంటికొచ్చాక ఈ బీమా లెక్కలన్నీ కూర్చుని తెలుసుకున్నాను, ఎలాగూ ఖాళీయే కాబట్టి. మీకు తెలిసినవే ఉంటాయి, అయినా అద్దానికి ఇవతల నుంచి ఎలా కనిపిస్తాయో చూడండి.

గ్రూప్ పాలసీకి కంపెనీ ఏడాది ప్రీమియం ముందే కట్టేస్తుంది. మనిషి మానేయగానే మీరు ఆ పేరుని డిలీషన్ లిస్టులో పెట్టి బీమా కంపెనీకి పంపుతారు. ఆ మనిషి అప్పటిదాకా క్లెయిమ్ ఏమీ చెయ్యకపోతే, చాలా పాలసీల్లో, మిగిలిన నెలల ప్రీమియం లెక్కకట్టి కంపెనీకి వెనక్కిస్తారు. అంటే నా పేరు కొట్టేసినందుకు మీకు డబ్బు వస్తుంది, అందుకే ఆ పని ఆలస్యం కాదు. నాకు చెప్పినందుకు ఎవరికీ ఏమీ రాదు, అందుకే ఆ పని జరగదు. ఇందులో కుట్రేమీ లేదు. చెక్‌లిస్టులో ఆ గడి లేదు, అంతే. మౌస్‌కి ఉంది.

నా విషయంలో ఇంకో వింత జరిగింది. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ స్లిప్పు వచ్చాక చూస్తే, అమ్మ ప్రీమియంలో మిగిలిన ఐదు నెలలూ, 7,250 రూపాయలు, ఒక్కసారే కోసేశారు. ఏడాదికి కమిట్ అయ్యారు కాబట్టి కట్టాలట. బీమా కవర్ మాత్రం నా ఆఖరి రోజుతోనే సరి. అడగ్గా అడగ్గా ఏడు నెలలకి ఆ డబ్బు వెనక్కి పడింది. సారీ అయితే పడలేదు.

అన్నిటికంటే నాకు కడుపుమంట ఏమిటంటే, దారి ఉండి కూడా తప్పిపోవడం. గ్రూప్ పాలసీలో ఉన్న ఉద్యోగి, కుటుంబంతో సహా, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారొచ్చు. మైగ్రేషన్ అంటారు. 2020 నుంచి ఉన్న నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. దాని విలువ ప్రీమియంలో లేదు, కాలంలో ఉంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకి 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి డబ్బివ్వరు (2024కి ముందు 48 ఉండేది). మైగ్రేషన్‌లో వస్తే గ్రూపులో గడిపిన ఏళ్లు ఆ లెక్కలో కలుస్తాయి. మా అమ్మ ఆరేళ్లుగా ఆ పాలసీలో ఉంది. ఆరేళ్లు! షుగర్‌కి ఒక్క రోజు కూడా ఆగక్కర్లేకపోయేది. ప్రీమియం ఎంత చెప్పేవాళ్లో, ఏ షరతులు పెట్టేవాళ్లో అది వాళ్లిష్టమే అనుకోండి. కానీ అడగడమంటూ కవర్ బతికి ఉండగా అడగాలి. నేను ఫోన్ చేసేసరికి, "మీరు కంపెనీలో ఉన్నప్పుడే అప్లై చేసి ఉండాల్సింది సార్" అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా. ఇప్పుడు రెండు స్టెంట్లతో వెళ్లి అడిగితే ఒక కంపెనీ వద్దంది, ఇంకొకరు మూడేళ్లు గుండె మాట ఎత్తొద్దన్నారు.

ప్రభుత్వ పథకం లేదా అంటారు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, పాత పేరు ఆరోగ్యశ్రీ. మా వీధిలో సగం ఇళ్లని నిలబెట్టింది అదే. నేను వెళ్లేసరికి అక్కడున్న ఆదాయ పరిమితి ఏడాదికి 5 లక్షలు. నా కాగితాల్లో కనిపించేది నిరుటి జీతం, నిరుడు కట్టిన పన్ను. ఈ నెల నా ఆదాయం సున్నా అని చెప్పే కాగితం ఏదీ లేదు. మీరిచ్చిన రిలీవింగ్ లెటర్ చూపిస్తే, "రాజీనామా చేశారా అన్నా?" అని అడిగాడు అక్కడి తమ్ముడు. అందులో అలాగే ఉంది మరి. 'వ్యక్తిగత కారణాల వల్ల'.

మా పిన్ని కొడుకు అమెరికాలో, డల్లాస్‌లో ఉంటాడు. వాడికీ రెండేళ్ల కింద ఉద్యోగం పోయింది. అక్కడ 1986 నుంచి ఒక చట్టం ఉంది, పొట్టి పేరు కోబ్రా. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీల్లో ఉద్యోగం పోయినవాళ్లు మామూలుగా 18 నెలల దాకా అదే బీమాలో కొనసాగొచ్చు. కాకపోతే అప్పటిదాకా కంపెనీ కట్టిన వాటాతో సహా మొత్తం ప్రీమియం, పైన రెండు శాతం ఖర్చులు, మనమే కట్టాలి. ఆ అంకె చూసి వాడు కట్టలేదు. పేరు పెట్టినవాళ్లు ముందే హెచ్చరించారురా అన్నాడు, కాటు అంతా ధరలోనే ఉందట. కాబట్టి అమెరికాని చూసి నేర్చుకోండి అని నేను చెప్పబోవడం లేదు. వాడికి ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది, అదీ నేను చెప్పేది. ఫలానా తేదీతో నీ కవర్ ఆగుతోంది, కావాలంటే ఇంత కట్టాలి, తేల్చుకోవడానికి 60 రోజులు టైముంది. వాడు చూశాడు, లెక్కేసుకున్నాడు, వద్దనుకున్నాడు. వద్దనుకునే అవకాశమైనా నాకు రాలేదు.

ఫ్యాక్టరీల హెచ్‌ఆర్ వాళ్లకి వేరేగా ఒక మాట. మీ దగ్గర జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, ఉంటుంది. అది నాలాంటివాడి గ్రూప్ పాలసీ కంటే చాలా నయం, ఆఖరి రోజు సాయంత్రమే చేతిలోంచి జారిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పడిన చందాకి వచ్చే జనవరి నుంచి జూన్ 30 వరకు, అక్టోబరు నుంచి మార్చి దాకా పడినదానికి జూలై నుంచి డిసెంబరు 31 వరకు వైద్యం అందుతుంది. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకి చందా పడి ఉండాలి. మా వీధిలో నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి ఒకతి రెండేళ్లకి పైగా ఒక ఫ్యాక్టరీ లైన్లో చేసి, ఆర్డర్లు లేవంటే నవంబరులో ఇంటికొచ్చేసింది. ఈఎస్‌ఐ కార్డుని పిల్లవాడు పలక తుడుచుకునే గుడ్డ కింద పడేసింది. "ఉద్యోగమే లేదు, ఇంక ఆ కార్డెందుకన్నా?" అంది. ఫిబ్రవరిలో పిల్లవాడికి జ్వరమొస్తే బయట క్లినిక్‌లో పద్దెనిమిది వందలు అప్పు చేసి కట్టింది. జూన్ ఆఖరుదాకా ఆ కార్డు పనిచేస్తుందని, తిరుపతిలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉందని నేను చెప్తే నమ్మలేదు. ఉద్యోగం పోయిన ఈఎస్‌ఐ కార్మికులకి 90 రోజుల దాకా కొంత జీతం లెక్కన ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని 2018లో తెచ్చారు, 2020లో దాన్ని సగం జీతానికి పెంచారు. ఆ పేరు ఆమె నా నోటే మొదటిసారి విన్నది. గేటు దగ్గర ఐడీ కార్డు వెనక్కి తీసుకునేటప్పుడు ఈ ముక్క చెప్పడానికి ఎంత సేపు పడుతుంది?

ఇక నేను అడిగేది.

రిలీవింగ్ లెటర్లో ఒక లైను రాయండి: మీ ఆరోగ్య బీమా ఫలానా తేదీ అర్ధరాత్రితో ఆగుతుంది. దాని కింద పాలసీ నంబరు, సొంత పాలసీకి మారాలంటే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎప్పటిలోగా. చట్టం చెయ్యాలా దీనికి? వర్డ్ ఫైల్లో ఒకసారి టైపు చేస్తే చాలు, తర్వాత తేదీ మార్చుకుంటూ పోవడమే. ఆ ముక్క ఆఫీసు మెయిల్‌కి పంపి, ఆ మెయిల్‌నే మూసేసే పని మాత్రం చెయ్యకండి. మౌస్ అడిగిన చోటికే పంపండి, తప్పకుండా అందుతుంది.

రెండోది కొంచెం పెద్దది. మనిషి తనంతట తాను వేరే కంపెనీకి పోతే సరే, అక్కడ ఇంకో పాలసీ ఉంటుంది. మీరు తీసేసినప్పుడు మాత్రం వెంటనే పేరు కొట్టకండి. మూడు నెలలో, పాలసీ ఏడాది అయ్యేదాకానో ఉంచండి. 2022, 2023 లేఆఫ్‌ల్లో కొన్ని స్టార్టప్‌లు తీసేసినవాళ్లకి కొన్ని నెలలు బీమా ఉంచాయి, కాబట్టి కుదరదనకండి. ఏడాదికోసారి బ్రోకర్‌తో కూర్చుని పాలసీ షరతులు మాట్లాడుకుంటారు చూడండి, అప్పుడే ఇదీ రాయించుకోవాలి. మనిషిని తీసేశాక అడిగితే బీమా కంపెనీ ఒప్పుకోదు. మీకు పోయేది ఆ మిగిలిన ప్రీమియం రిఫండ్ ఒక్కటే. ఒక్కో మనిషికి అది ఎంతో మీ ఎక్సెల్ షీట్లో చూసుకోండి. చూశాక కూడా కుదరదనిపిస్తే, అప్పుడు చెప్పండి.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉన్న ఐఆర్‌డీఏఐ పెద్దలు ఈ ఉత్తరం చూస్తే వాళ్లకీ ఒక విన్నపం. ఖాతాలోంచి పది రూపాయలు పోతే బ్యాంకు మెసేజ్ పంపుతుంది. ఐదు లక్షల కవర్ పోతే ఫోన్ మోగదు. గ్రూపులోంచి పేరు తీసే ప్రతిసారీ బీమా కంపెనీయే నేరుగా ఆ మనిషి ఫోన్‌కి మెసేజ్ పెట్టాలని, మారడానికి ఆ రోజు నుంచి ఒక నెల రోజులైనా ఇవ్వాలని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. హెచ్‌ఆర్ వాళ్లు మర్చిపోయినా మనిషి మునిగిపోడు.

ఇది చదివే ఉద్యోగులు ఎవరైనా ఉంటే, మీ పాలసీ పీడీఎఫ్‌లో బీమా ఎప్పుడు ఆగుతుందో చెప్పే, 'సెసేషన్' అనో, 'డిలీషన్' అనో ఉన్న పేజీ వెతికి చూసుకోండి, ఇవ్వాళే. అమ్మానాన్నల పేరు మీద చిన్నదో పెద్దదో ఒక సొంత పాలసీ ఉద్యోగం ఉండగానే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా ఎత్తేశారు. వెయిటింగ్ గడియారం ఎంత ముందు మొదలైతే అంత మంచిది. మా ఇంట్లో అది పోయిన నెల మొదలైంది. అంటే అమ్మకి అరవై తొమ్మిది దాటాలి. డెబ్బై నిండితే 5 లక్షల ఆయుష్మాన్ భారత్ కార్డు ఆదాయంతో పని లేకుండా ఇస్తున్నారు, ఇంక నాలుగేళ్లు ఎట్లాగో నెట్టుకొస్తే చాలంటుంది ఆమె. ముసలితనం కోసం ఎదురుచూసే మనిషిని మొదటిసారి చూస్తున్నా.

నాకు మళ్లీ ఉద్యోగం వచ్చింది. జీతం కొంచెం తక్కువ, పర్లేదు. చేరే ముందు హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్ చేసి బీమా గురించి చక్కగా చెప్పింది: ఐదు లక్షలు, అమ్మని కూడా చేర్చుకోవచ్చు, మొదటి రోజు నుంచే కవర్, వెయిటింగ్ ఏమీ లేదు. ఇంకేమైనా అడగాలా సార్ అంది.

"ఒకవేళ నేను మానేస్తే, లేదా మీరే తీసేస్తే, ఇది ఏ రోజు ఆగిపోతుందమ్మా?" అన్నాను.

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు సార్. కనుక్కుని చెప్తాను."

మూడు వారాలైంది. ఇంకా కనుక్కుంటోంది.

ఇట్లు,
ఎం.ఆర్.పల్లి నుంచి,
మీ ఉద్యోగుల్లో ఒకడు